మెలట్టూరు భాగవత మేళాలో వినిపించే తెలుగు మనకు అర్థమవుతుందా?

ప్రశ్న:
రాబోయే నృసింహ జయంతికి మా అమ్మగారిని తంజావూరు దగ్గరి మెలట్టూరుకు తీసుకువెళుతున్నాను. తమిళ గ్రామపు వీధిలో రాత్రంతా భాగవత మేళా అనే తెలుగు నాటకం ఆడతారని విన్నప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. నటుల ఇంటి భాష తమిళం కదా, ఆ తెలుగు మా చెవికి అందుతుందా? ఆమె వయసు డెబ్బై దాటింది కనుక రాత్రంతా కూర్చోవలసి ఉంటుందా అన్నది కూడా తెలియజేయగలరు.

సమాధానం 1:
అందుతుందండీ, కాని మొదటి గంట ఓపిక పట్టాలి. త్యాగరాజస్వామి కాలంవారైన మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు రచించిన ఆ నాటకాల భాష గ్రాంథికం. పైగా తమిళం మాట్లాడే నోళ్లలో మన ఒత్తులు తేలికపడతాయి. అయినా దరువులను, అంటే పాత్రల పాటలను, రాగంలో, ఒక్కొక్క మాటనూ నిలిపి, మళ్లీ మళ్లీ పాడతారు కనుక మొదటిసారి జారిపోయిన పదం మూడోసారికి దొరుకుతుంది. ముందుగా కోణంగి అనే విదూషకుడు వచ్చి సభను నవ్విస్తాడు, తరువాత వినాయకుని ముఖపు తొడుగు ధరించిన బాలుడు వస్తాడు, ఆపైన ప్రతి పాత్రా తన ప్రవేశ దరువుతో రంగం మీదికి వస్తుంది. జయంతి నాటి రాత్రి ఆడేది ప్రహ్లాద చరిత్రము. ఆ కథ అమ్మగారికి తెలిసినదే కనుక ఆమె మీకంటే ముందే అందుకుంటారని నా నమ్మకం.

సమాధానం 2:
పై సమాధానానికి ఒక మాట చేర్చాలి. ఇది మనం చూడటానికి పెట్టిన ప్రదర్శన కాదు. వీధిలో వేసిన రంగం వరదరాజస్వామి ఆలయానికి అభిముఖంగా ఉంటుంది. నాటకం ముందు స్వామికి, తరువాతే మనకు. నృసింహుని ముఖపు తొడుగు పూజలందుకునేది, దానిని ధరించే వ్యక్తి ఆనాడు ఉపవాసం ఉంటాడు. ప్రహ్లాదుని తల్లి లీలావతితో సహా స్త్రీ పాత్రలన్నీ పురుషులే ధరిస్తారు, తొలిసారి చూసేవారు అది గుర్తించడానికే కొంతసేపు పడుతుంది. తంజావూరు నేలిన తెలుగు రాజు అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబాలకు దానమిచ్చిన అగ్రహారంగా ఆ ఊరివారు తమ గ్రామాన్ని చెప్పుకుంటారు. ఆ ఊరికి అచ్యుతాబ్ధి అన్న పేరు అలా వచ్చినదే. తెలుగు రాజ్యం పోయినా ఆ వీధిలో తెలుగు మిగిలిందన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

సమాధానం 3:
అమ్మగారిని మధ్యాహ్నం తప్పక నిద్రపోనివ్వండి. అలసట వల్ల నడిరాత్రి లేచి వెళ్లిపోయేవారు ఎక్కువ, కాని స్తంభం నుంచి స్వామి వెలువడే ఘట్టం తెల్లవారుజాముకు గాని రాదు.