ఐసీసీకి చేరిన ప్రతి ఫిర్యాదూ పోలీసులకు వెళ్లి తీరాలా?

కృష్ణాతీరం: మా యూనివర్సిటీలో ఒకమ్మాయి తన మీద జరిగిన లైంగిక దాడి గురించి అంతర్గత ఫిర్యాదుల కమిటీకి (ఐసీసీ) చెప్పింది. 'మేం చూసుకుంటాం' అన్నారు, పోలీసులకు చెప్పలేదు. నేరాన్ని లెక్చరర్లు విచారించడమేంటి? ఆమె ఇష్టంతో పని లేకుండా ఆ రోజే స్టేషన్‌కి పంపాలని రూల్ ఉండాలి. మీరేమంటారు?

మాజీ వార్డెన్: వద్దండీ. పదకొండేళ్లు లేడీస్ హాస్టల్ చూశాను. రాత్రి పదిన్నరకు తలుపు కొట్టిన పిల్ల మొదట అడిగిందేంటో తెలుసా? "మేడం, ఇంట్లో తెలుస్తుందా?" అని. తెలుస్తుందంటే గుమ్మంలోంచే వెనక్కి పోయేది. పక్కన కూర్చున్నాను. బట్టలు ఉతకొద్దన్నాను, ప్లాస్టిక్ కవర్లో కాకుండా పేపర్లో చుట్టి పెట్టాం. తెల్లారగానే ఆసుపత్రికి తీసుకెళ్లాను. గర్భం రాకుండా, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. తర్వాత హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి సెంటర్లో కౌన్సెలర్, లాయర్ ఇద్దరూ మాట్లాడారు. వారం ఆలోచించుకుని తనే కేసు పెట్టింది.

కృష్ణాతీరం: మీరు కాబట్టి సరిపోయింది మేడం. మా వార్డెన్ అయితే "ఆ టైంలో అక్కడికెందుకెళ్లావ్" అంటుంది. 'అమ్మాయి ఇష్టం' అనే మాట కాలేజీ పరువు చూసుకునేవాళ్లకు భలే కలిసొస్తుంది.

ఎల్ఎల్‌బీ థర్డ్ ఇయర్: మీ భయం నిజమే, మందే తప్పు. ఆమె కేసు పెడతానంటే సాయం చేయడం 2013 పోష్ చట్టం (పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం) ప్రకారం సంస్థ బాధ్యత, దయ కాదు. రెండు చోట్లా ఒకేసారి వెళ్లొచ్చు. ఐసీసీకి మాత్రం మూడు నెలల్లోపు రాసివ్వాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. నిందితుడు సారే అయితే ఆమె పేపర్లు దిద్దకుండా ఆపడం, ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వడం కమిటీ సిఫారసుతో అయ్యేవి. స్టేషన్‌లో ఇంటర్నల్ మార్కుల గోడు ఎవరు వింటారు?

18 నిండకపోతే లెక్క వేరు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాల్సిందే. ఫస్టియర్‌లో 17 ఏళ్లవాళ్లు ఉంటారు, మర్చిపోవద్దు.

మేడం గారు ఒకటి వదిలేశారు. ఇలాంటి కేసుల్లో ఆసుపత్రివాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వాలి. కేసు పెడితేనే వైద్యం అనడానికి మాత్రం లేదు. ఈ రెండూ పిల్లకు ముందే చెప్పాలి.

మాజీ వార్డెన్: చెప్పలేదమ్మా. నాకే తెలియదు. డ్యూటీ డాక్టర్ ఫోన్ తీస్తుంటే తెలిసింది. అప్పటిదాకా పట్టుకున్న నా చెయ్యి ఆ పిల్ల వదిలేసింది.

ఎల్ఎల్‌బీ థర్డ్ ఇయర్: కృష్ణాతీరం గారూ, 2015 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం వీసీ, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీలు ఐసీసీలో ఉండకూడదు. విద్యార్థుల విషయమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులుండాలి, బయటి నుంచి ఒక సభ్యులూ ఉండాలి. మీ నోటీసు బోర్డు ఒకసారి చూడండి.

కృష్ణాతీరం: చూసొచ్చాను. 2019 నాటి లిస్టు. ముగ్గురు విద్యార్థులూ ఎప్పుడో పాసై వెళ్లిపోయారు. బయటి సభ్యురాలి ఫోన్ నంబరు దగ్గర ఖాళీ. ఛైర్‌పర్సన్ మా హెచ్‌ఓడీ.