అప్‌డేట్: బ్లాక్ ఫ్లాగ్ తర్వాత మా అమ్మాయి పోటీ

ఆప్టిమిస్ట్ (పిల్లలు నడిపే చిన్న తెరచాప పడవ) అంతర్జాతీయ పోటీలో మా అమ్మాయి మొదటి రేసులోనే బ్లాక్ ఫ్లాగ్‌కి దొరికిపోయింది, ఇక అంతేనా అని అడిగాను కదా. అంతా అయిపోలేదు! ఆ నల్ల జెండా ఎగరేసినప్పుడు, స్టార్ట్‌కి ముందు చివరి నిమిషంలో స్టార్ట్ గీత దాటితే విచారణ లేకుండానే డిస్‌క్వాలిఫై చేస్తారు. తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లే గెలిచే ఆట కాబట్టి, డిస్‌క్వాలిఫై వల్ల పడిన పెద్ద స్కోరు చూసి నాకు ఒకటే టెన్షన్. మీలో ఒకరు చెప్పినట్టే, కావలసినన్ని రేసులు పూర్తయ్యాక అందరికీ ఒక చెత్త స్కోరు తీసేశారు. మాది అదే పోయింది. కానీ ఇంకో తప్పుకి చోటు లేదు. అందుకని మిగతా రేసుల్లో గీతకి సగం పడవ దూరం వెనకే ఆగి బయల్దేరింది. (నాకైతే మరీ భయపడినట్టు అనిపించింది, కోచ్ ఊరుకోమన్నారు.) చివరికి పట్టికలో పైసగంలోనే ఉంది.