అమ్మానాన్నలతో ఇంగ్లండ్‌లో ఆరు రోజులు: బాతా, యార్కా?

నమస్కారమండీ. మాది గుంటూరు. జూన్‌లో అమ్మానాన్నలతో, మా ఎనిమిదేళ్ల పాపతో ఆరు రోజులకు ఇంగ్లండ్ వెళ్తున్నాం. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన అమరావతి స్తూపం శిల్పాలను కళ్లారా చూడాలని నాన్నకి ఎన్నేళ్లుగానో కోరిక. అందుకే లండన్‌కి మూడు రోజులు పెట్టుకున్నాం, అందులో మార్పు లేదు.

మిగతా మూడు రోజుల దగ్గరే తేల్చుకోలేకపోతున్నాం. లండన్‌లోని ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి రైల్లో బాత్ నగరానికి సుమారు గంటన్నర. అక్కడే ఉండి స్టోన్‌హెంజ్ (పురాతన రాతి వలయం) కూడా చూసి రావచ్చా? లేక లండన్‌లోనే ఉన్న కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి రైల్లో రెండు గంటల ప్రయాణంలో ఉన్న యార్క్ నగరం నయమా?

అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేకపోతుంది. లండన్ ట్యూబ్‌లో (భూగర్భ మెట్రో రైలు) చాలా స్టేషన్లకి లిఫ్ట్ ఉండదు, నా టెన్షనంతా అదే. బస్సుల్లో తిరిగితే సరిపోతుందా? పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.