తాతను దొంగను చేసిన మా మూకీ సినిమా: ఎక్కడ తప్పు చేశాం?

రెండో బెంచీ (నల్గొండ):

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈసారి నాటకం తరగతి తీసుకున్నాను. కంప్యూటర్ సీట్లు నిండిపోయాయి కాబట్టి తీసుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇప్పుడు మాత్రం రాత్రిళ్లు కూడా అదే ఆలోచన.

మా సార్ ఐదుగురిని ఒక జట్టు చేసి మూకీ సినిమా తీయమన్నారు. ఏడు నిమిషాలు దాటకూడదు. నలుపు తెలుపులో ఉండాలి. సంగీతం తప్ప మరే చప్పుడూ వినపడకూడదు. టైటిల్ కార్డులు, అంటే మధ్యలో తెర మీద పడే రాతలు, నాలుగుకు మించితే మార్కులు తగ్గుతాయి.

మా కథ ఇది. గుర్రంపోడు వైపు పల్లె నుంచి ఒక తాత హాస్టల్లో ఉన్న మనవరాలికి సంచి నిండా బత్తాయిలు తీసుకుని బస్సులో నల్గొండ వస్తాడు. పక్క సీట్లో చంటిబిడ్డతో ఒక అమ్మ. ఇద్దరి దగ్గరా సంచులున్నాయి. దిగే ముందు తాత అటూ ఇటూ చూస్తాడు, ఆ హడావిడిలో ఆమె సంచి పట్టుకుని దిగిపోతాడు. హాస్టల్లో మనవరాలు సంచి విప్పితే చంటిపిల్ల బట్టలు, పాల సీసా. తాత మళ్లీ బస్టాండుకు పరుగు. ఆ అమ్మ అక్కడే బత్తాయిల సంచి మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. అంతే.

తాత వేషం మా తరగతి అబ్బాయిదే. వయసు పందొమ్మిది. తలకు పౌడరు పూశాం. వాడు తల తిప్పినప్పుడల్లా భుజాల మీద మంచు కురిసింది. అది వేరే బాధ.

పోయిన శుక్రవారం పక్క తరగతి వాళ్లను పన్నెండు మందిని కూర్చోబెట్టి చూపించాం. కథ అర్థమైంది ఇద్దరికే. ఏడుగురు తాతను దొంగ అన్నారు. ఒకమ్మాయి, "మనవరాలికి బిడ్డ పుట్టిందా? ఇంట్లో తెలియకుండా తాత బట్టలు తెచ్చాడా?" అని అడిగింది. మా జట్టులో మనవరాలిగా నటించిన అమ్మాయి అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు, కూర్పు నేను చేశానని.

జట్టులో ఒకరు కార్డులు పది పెడదాం, మార్కులు పోతే పోనీ అంటున్నారు. ఇంకొకరు ఎదురుచూపుల దృశ్యాన్ని పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయంలో తీద్దాం, నీడతో పొద్దు గడిచినట్టు చూపిద్దాం అంటున్నారు. పాత సినిమాల్లో మనుషులు చకచకా నడిచినట్టు ఉంటుంది కదా, అలా వేగం పెంచాలా అనేది మూడో గొడవ. వచ్చే బుధవారం సార్‌కు చూపించాలి. దయచేసి చెప్పండి.


పాత హార్మోనియం (సూర్యాపేట):

అమ్మా, నేను పద్యనాటకాలకు ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించినవాడిని. సినిమా నాకు తెలియదు, అయినా చెబుతాను.

కార్డుల జోలికి పోకు. 1913లో ఫాల్కే గారు తీసిన రాజా హరిశ్చంద్రలో కార్డులు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండేవి. హాల్లో చదవడం వచ్చినవాళ్లు ఎందరు? మా నాయన చిన్నప్పుడు మూకీ ఆటలు చూశారు. కార్డు పడగానే ఒకరు లేచి గట్టిగా చదివేవారట, చదివేది పూర్తయ్యేలోగా కార్డు పోయేదట. హార్మోనియం, తబలా తెర ముందు కూర్చునేవి. జనం చూసింది మాత్రం బొమ్మనే. బొమ్మ చెప్పలేని మాట ఒక్కటే కార్డు మీద రాయి. "తాత భయపడ్డాడు" అని రాశావంటే నీ నటుడిని నువ్వే అవమానించినట్టు.

రెండోది, మీ తాత చేతులు, కళ్లు పెద్దగా ఆడించాలి. చివరి వరుసలో బీడీ కాల్చుకునే వాడికి కూడా తెలియాలి. ముందు చూపు, ఆ తరువాత చెయ్యి. చూడకుండా చెయ్యి చాపితే అది దొంగ చెయ్యే.


జడ్చర్ల కెమెరా:

పెద్దాయన చివరి మాటకు దండం. పెద్దగా ఆడించమన్న మాటకు మాత్రం ఒప్పుకోను. వేదికకు చివరి వరుస ఉంటుంది, కెమెరాకు ఉండదు. అది తాత ముక్కు ముందే కూర్చుంటుంది.

నేను పందొమ్మిదేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ఒక సంగతి ఎవరూ గమనించరు, నేను తీసేవన్నీ మూకీ సినిమాలే. మంత్రాలూ మాటలూ అన్నీ తీసేసి పైన పాటలు వేస్తాం. అయినా క్యాసెట్టు చూసిన ప్రతి ఇంట్లోనూ ఏ మేనమామ అలిగాడో, ఏ ఆడపడుచుకు చీర నచ్చలేదో ఇట్టే చెప్పేస్తారు. చీరను రెండు వేళ్లతో పట్టుకుందంటే నచ్చలేదు. ఒళ్లో పెట్టుకుందంటే నచ్చింది. దానికి కార్డు ఎందుకు?

ఇప్పుడు నాకు ఒక్క జవాబు కావాలి. మీ రెండు సంచులు ఏ రంగువి?

ఇంకొకటి. తాత అటూ ఇటూ చూసే ముక్క తరువాత ఏ ముక్క అతికించారు? ఆ అమ్మ సంచినా? వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్లు ఆ ముఖంలో ఆకలి ఉందన్నారు, దుఃఖం ఉందన్నారు, కోరిక ఉందన్నారు. ముఖం అన్నిచోట్లా ఒకటే. మీ తాత దిక్కులు చూసింది స్టాపు వచ్చిందేమోనని అయితే ఆ పక్కన కిటికీ పెట్టాలి. సంచి పెడితే దొంగే అవుతాడు.


రెండో బెంచీ:

అన్నా, తాతది ఎరుపు సంచి. ఆ అమ్మది ఆకుపచ్చ సంచి. తేడా బాగా తెలియాలని కావాలనే అలా కొన్నాం.

ఇది రాస్తుండగానే అర్థమైంది. ఫోనులో మళ్లీ చూశాను. రెండూ ఒకే బూడిద రంగు! తీసేటప్పుడు రంగుల్లో తీసి, ఇంటికి వచ్చాక నలుపు తెలుపుకు మార్చాం. కథంతా తెలిసినవాళ్లం కదా, మా కళ్లకు ఎరుపూ పచ్చా కనిపిస్తూనే ఉన్నాయి.

మీరన్నట్టే దిక్కులు చూసిన తరువాత సంచే పెట్టాను. ఆ సంచి బాగా కనిపించిందని మురిసిపోయాను కూడా.


జడ్చర్ల కెమెరా:

అనుకున్నాను. ఎరుపూ పచ్చా ఎంత వేరైనా వాటి వెలుగు ఒకటే అయితే నలుపు తెలుపులో కవలలే. ఒకటి నల్ల సంచి, రెండోది తెల్ల బియ్యపు సంచి తీసుకోండి. ఫోనును మొదటే నలుపు తెలుపులో పెట్టి తీయండి.

వేగం గొడవ కూడా తీర్చేస్తాను. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు సుమారు 16 నుంచి 18 బొమ్మలు పడేవి. టాకీలు వచ్చాక యంత్రాలు సెకనుకు 24 చొప్పున ఆడించాయి. 16తో తీసింది 24తో ఆడితే ఒకటిన్నర రెట్లు వేగం. మనం చూసిన ఆ గబగబ నడక చాలావరకు ఇలా వచ్చిందే. మీరు వేగం పెంచితే తాత ఆత్రం కాస్తా నవ్వులాట అవుతుంది. చివరి పరుగు దగ్గర కావాలంటే కొంచెం పెంచండి, బస్సులో వద్దు.


చిల్లర లేదు (దేవరకొండ):

చెల్లీ, నేను ఆర్టీసీ కండక్టర్‌ని. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి మా బస్సులో నా మాట నాకే వినపడదు. వెనకున్న ఆమె ఆధార్ కార్డు ఎత్తి చూపిస్తుంది, నేను వేళ్లతో ఎంతమంది అని అడుగుతాను, ఆమె మూడు వేళ్లు చూపి ఒళ్లో పిల్లను చూపి తల అడ్డంగా ఊపుతుంది. ముగ్గురం, పిల్లకు అక్కరలేదు అని. జీరో టికెట్లు మూడు చింపి చేతుల మీదుగా పంపిస్తాను. మీ సినిమాలో కండక్టర్ లేకపోవడం నాకు బాధగా ఉంది, మీరు టికెట్టు లేకుండా తిరిగారన్నమాట!

పని కొచ్చే మాట ఒకటి చెబుతాను. సంచులు మారడం మేము వారానికి ఒకసారైనా చూస్తాం. ఎవరూ పక్కవాళ్ల సంచిని చూసి తీసుకోరు. తమ సంచి పైన పెట్టి, నిద్రపోయి, స్టాపు వచ్చిందని ఉలిక్కిపడి లేచి, చేతికి అందింది పట్టుకుని దిగుతారు. మీ తాతను నిద్రపుచ్చండి. నిద్ర లేచినవాడిని దొంగ అని ఎవరూ అనరు.


గుడి వెనక ఇల్లు (పానగల్లు):

ఛాయా సోమేశ్వరం మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మూడు గర్భగుళ్లలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది. ఆ నీడ గొప్పతనమే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకపోవడం. బయటి స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగుతో ఏర్పడే నీడ అది. పొద్దు గడిచినట్టు చూపించడానికి మా ఊళ్లో, ఆ మాటకొస్తే జిల్లా మొత్తం మీద అంతకన్నా పనికిరాని నీడ మీకు దొరకదు. బస్టాండులో ఏదైనా కరెంటు స్తంభం చూసుకోండి.


రెండో బెంచీ:

అందరికీ చాలా థాంక్స్. గుడి మాట ఎత్తిన అబ్బాయికి చివరి జవాబు చూపించాను. పుట్టింది పానగల్లులోనేనట, ఎప్పుడూ లోపలికి వెళ్లలేదట.

ఆదివారం మళ్లీ తీశాం. నల్ల సంచి, తెల్ల సంచి. తాత నిద్రపోతాడు, ఉలిక్కిపడతాడు, కిటికీ, బయట బోర్డు, చెయ్యి. కండక్టర్‌ని కూడా పెట్టాం అక్కా, నేనే వేశాను. ఎదురుచూపులకు బస్టాండు స్తంభం నీడను గంటకు ఒకసారి చొప్పున నాలుగు సార్లు తీశాం. కార్డులు రెండే వాడాం. "హాస్టలు" అని ఒకటి. "నాలుగు గంటల తరువాత" అని రాసిన రెండోది నీడ వచ్చాక అనవసరం అనిపించింది, తీసేశాను. అంటే ఒక్కటే. సోమవారం కొత్తగా పది మందికి చూపిస్తే తొమ్మిది మంది కథ సరిగ్గా చెప్పారు. పదో వాడు ఫోను చూసుకుంటున్నాడు.

రాత్రి ఇంటికి వెళ్లి మా సొంత తాతకు చూపించాను. మాకు బత్తాయి తోట ఉంది, కథ పుట్టింది ఆయన వల్లనే. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చూశారు. చివర్లో ఆ అమ్మ సంచి ఇచ్చేసే చోట నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన అన్నది ఒక్కటే మాట: "ఆ సంచిలో కాయలు లేవు."

నిజమే. పైన ఆరు కాయలు, కింద అంతా పాత పేపర్లు. ఎలా తెలిసిందని అడిగితే, "బత్తాయిల సంచి మోసేవాడు ఒక పక్కకు ఒరుగుతాడు. మీవాడు పెళ్లికి పోయినట్టు నడుస్తున్నాడు" అన్నారు.

రేపు పొద్దున పది కిలోల కాయలతో మళ్లీ బస్టాండుకు వెళ్తున్నాం. తాత వేషం వేసే అబ్బాయికి ఇంకా చెప్పలేదు.