‘నెగటివ్ స్పేస్’కు తెలుగేది: నేపథ్యమా, బయలా, ఎడమా?

ప్రశ్న:
పిల్లల పత్రిక కోసం చిత్రప్రహేళికలు తయారుచేస్తున్నాను. కొమ్మల మధ్య తెల్లగా మిగిలిన చోట ఒక ముఖం దాగి ఉంటుంది, దాన్ని కనిపెట్టాలి. గీయకుండా వదిలిన ఆ చోటునే చిత్రకారులు నెగటివ్ స్పేస్ అంటారు. ‘రుణస్థలం’ అని ఒకరు సూచించారు. అప్పులిచ్చే చోటులా వినబడింది, వద్దనుకున్నాను. ‘నేపథ్యం’ సరిపోతుందా?

జవాబు:
సరిపోదండి. నేపథ్యమంటే తెర వెనుకది. ఈ బొమ్మల్లో తమాషా అంతా వెనుక ఉందనుకున్నది ముందుకు రావడంలోనే కదా! డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో ప్రచురించిన పరిశోధనతో పేరుకెక్కిన బొమ్మను మీరు చూసే ఉంటారు. నడుమ కలశం, లేదా ఎదురెదురుగా రెండు ముఖాలు. గీత మాత్రం ఒక్కటే. అది కలశపు అంచు అనుకుంటే అటూ ఇటూ ఉన్న చోటుకు ఆకారమే ఉండదు, కలశం వెనుకగా సాగిపోయినట్టు అనిపిస్తుంది. ముఖాల అంచు అనుకున్నామా, కలశం మాయం. అంచు ఒకసారికి ఒక పక్షానిదే. అలాంటప్పుడు ఒక పక్షానికి శాశ్వతంగా ‘నేపథ్యం’ అని పేరు పెడితే పిల్లలను మనమే తప్పుదారి పట్టించినట్టు.

‘శూన్యం’ అంటే వేదాంతం వాసన. ‘వెలితి’ అంటే ఏదో లోపించినట్టు. నా ఓటు ‘బయలు’కు. ఏమీ లేని చోటన్న అర్థం ఉంది, పక్కనే ‘బయలుపడు’ అన్న క్రియ సిద్ధంగా ఉంది. బయలులోని ముఖం బయలుపడింది అంటే చాలు.

మరో జవాబు:
బయలు బాగుంది గానీ మరీ విశాలం, మైదానం గుర్తుకొస్తుంది. 1994లో లిండన్ లీడర్ రూపొందించిన ఫెడెక్స్ చిహ్నంలో ‘ఈ’కీ ‘ఎక్స్’కీ నడుమ తెల్లని బాణం ఉంది. అంత ఇరుకు చోటును బయలనడానికి నోరు రాదు. అక్కడ ‘ఎడం’ అనాలి. మన లిపిలో ‘ప’కు తలకట్టు ఎడంగా ఉంటుంది, ‘వ’కు అంటుకుంటుంది. అచ్చులో సిరా పాకి ఆ ఎడం పూడిందంటే ‘పడి’ కాస్తా దాదాపు ‘వడి’ అవుతుంది. గీయనిది కూడా చదువులో లెక్కకు వస్తుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
మాట సరే, సూచన ఎలా రాయాలి? ‘ఖాళీల్లో వెతకండి’ అని రాస్తే పిల్లలు మళ్లీ కొమ్మలనే చూస్తున్నారు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
చూస్తారు మరి. చిన్నదీ, చుట్టూ మూసుకున్నదీ, బయటికి ఉబ్బినదీ కంటికి ముందు వస్తువుగా తోస్తుంది. పెద్దదీ, అంచుల దాకా తెరిచి ఉన్నదీ వెనక్కి తగ్గిపోతుంది. ప్రహేళిక కట్టేవాడు ముఖాన్ని దాచేది అక్కడే. అందుకని ‘ఖాళీ చూడు’ అనడం కంటే ‘కొమ్మ గీత వెంట వేలు జరుపు, గీతకు అవతలి వైపు ఎవరిదో చెప్పు’ అని రాయండి. ముక్కు వంపు దగ్గర వేలు ఆగుతుంది.

బొమ్మను తలకిందులు చేయమని చాలామంది చెబుతారు. కొమ్మను కొమ్మగా చూడడం తగ్గుతుంది, నిజమే. కానీ దాగినది ముఖమైతే అదీ తలకిందులవుతుంది, తలకిందుల ముఖాన్ని పోల్చుకోవడం మనకు మహా కష్టం. జంతువుల బొమ్మలకైతే ఆ చిట్కా ప్రయత్నించవచ్చు, ముఖాలకు వద్దు.

ప్రశ్న అడిగినవారు:
పెద్ద బొమ్మలకు ‘బయలు’ ఖాయం చేశాను. అక్షరాల బొమ్మలకు మాత్రం ‘ఎడం’ బదులు ‘సందు’ వేస్తున్నాను. ‘ఎడంలో చూడండి’ అంటే సగంమంది ఎడమవైపు చూస్తారు.