అప్‌డేట్: ఇంగ్లండ్ స్కూల్లో ప్యూపిల్ ప్రీమియం డబ్బు పాపకి నేరుగా ఇస్తారా?

పోయిన నెల అడిగింది నేనే. ఇయర్ వన్‌లో (ఐదారేళ్ల పిల్లల క్లాసు) పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉచితమే కదా, మళ్లీ ఉచిత భోజనం ఫారం ఎందుకు నింపమంటున్నారని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఫారం నింపేశాం. భోజనం కోసం కాదట అది. తక్కువ ఆదాయం ఉన్న ఇల్లని నమోదైతేనే స్కూలుకి ప్యూపిల్ ప్రీమియం, అంటే అలాంటి పిల్లల చదువు కోసం ప్రభుత్వం ఇచ్చే అదనపు డబ్బు, వస్తుంది. ప్రైమరీలో 2025-26కి ఒక్కో పిల్లకి 1,515 పౌండ్లు. ఒకసారి నమోదైతే ఆరేళ్లు లెక్కలో ఉంటుంది.

ఆ డబ్బుతో పాపకి విడిగా ట్యూషన్ పెట్టమని అడుగుదామనుకున్నాను, అది కుదరదు. ఎవరి పేరు మీదా జమ కాదు, ఖర్చు స్కూలు ఇష్టం. "స్కూలు వెబ్‌సైట్‌లో స్ట్రాటజీ స్టేట్‌మెంట్ చూడండి" అన్నవారి సలహాయే పనికొచ్చింది. ఆ డబ్బు దేనికి ఖర్చు పెడుతున్నారో అందులో ఉంటుంది. స్కూలు దాన్ని ఏటా డిసెంబర్ 31లోగా పెట్టాలి. మా స్కూల్లో ఎక్కువ భాగం ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పే పద్ధతి) చిన్న గ్రూపులు నడిపే టీచింగ్ అసిస్టెంట్ జీతానికే పోతోంది. మిగతాది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్‌కి, ట్రిప్పులకి. అది చూపించి టీచర్‌తో మాట్లాడితే పాపని ఫోనిక్స్ గ్రూపులో వేశారు.

ఈ ఫారం వల్ల మాకొచ్చే యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భృతి) తగ్గిస్తారేమోనని మా ఆయన భయపడ్డారు. దానికీ దీనికీ సంబంధమే లేదు.