నలభై దాటిన అందరికీ కంటి ఓసీటీ స్కాన్ చేయాలా?

నల్గొండ మాస్టారు:
2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో మా వైపు చాలామందికి అద్దాలు వచ్చాయి, శుక్లాలు బయటపడ్డాయి. నీటికాసులు, అదే గ్లకోమా, అంత సులువుగా దొరకదు. ఎక్కువమందికి నొప్పి ఉండదు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కచూపు మెల్లగా తగ్గుతుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఎల్వీ ప్రసాద్ సంస్థ 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి రాష్ట్రంలో చేసిన సర్వేలో, గ్లకోమా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదని తేలింది. ఓసీటీ యంత్రం కంటిని ముట్టుకోకుండా, కాంతితోనే కంటి వెనకున్న నరాల పొర మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలుస్తుంది. అలాంటప్పుడు నలభై దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి ఎందుకు చేయకూడదు?

బెజవాడ ఆప్టోమెట్రిస్ట్:
మాస్టారూ, నేను పనిచేసేది ఆ యంత్రం మీదే. అది జబ్బును చూడదు, మందాన్ని కొలుస్తుంది. ఆ కొలతను తనలో దాచుకున్న కొన్ని వందల మంది ఆరోగ్యవంతుల లెక్కలతో పోల్చి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేస్తుంది; ఎరుపంటే పొర వాళ్లకన్నా బాగా పలచగా ఉందని. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవాళ్ల కన్ను పొడవుగా ఉంటుంది, నరాల పొర సర్దుకున్న తీరే వేరు. జబ్బు లేకపోయినా వాళ్లకు ఎరుపు వస్తుంది. శుక్లం ఉన్నా, కన్ను పొడిబారినా సిగ్నల్ తగ్గి పొర పలచగా ఉన్నట్టు కనిపిస్తుంది. హెల్త్ ప్యాకేజీలో స్కాన్ తీయించుకుని, ఎర్ర రిపోర్టు పట్టుకుని టెన్షన్‌తో వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

లెక్క వేద్దాం. 1000 మందిలో 30 మందికి గ్లకోమా ఉందనుకోండి. యంత్రం నూటికి 90 సార్లు సరిగ్గా చెబుతుందనుకోండి. ఉన్నవాళ్లలో 27 మందిని పట్టుకుంటుంది. లేని 970 మందిలో 97 మందికి కూడా ఎరుపు చూపిస్తుంది. అంటే ఎరుపు వచ్చిన 124 మందిలో జబ్బు ఉన్నది 27 మందికే. మిగతా వాళ్లకు పక్కచూపు ఎంత ఉందో చూసే ఫీల్డ్ టెస్టులు, ప్రయాణాలు, కొందరికి అక్కర్లేని చుక్కల మందు.

నల్గొండ మాస్టారు:
ఆ 27 మంది చూపు పోతే ఎవరు జవాబు చెబుతారు? 97 మంది ఇంకో పరీక్ష చేయించుకుంటే కొంప మునగదు.

అనంతపురం అమ్మాయి:
మా అమ్మకు షుగర్ వల్ల మాక్యులా దగ్గర, అంటే రెటీనా నడిమి భాగంలో, వాపు వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ ముందు ఓసీటీ తీసి, లోపల నీరు ఉంటేనే ఇంజెక్షన్, లేకపోతే నెల ఆగి రమ్మంటారు. ఆ బొమ్మ లేకపోతే గుడ్డిగా సూదులు వేయించుకోవాలి. స్కాన్ల వల్ల భయం తప్ప లాభం లేదనే మాట నేను ఒప్పుకోను.

రెటీనా డాక్టర్:
అమ్మగారి విషయంలో స్కాన్ చికిత్సను నిర్ణయిస్తోంది, అక్కడ అది తప్పనిసరి. అయినా వాపు కనబడగానే సూది వేయాలని లేదు. 2019లో వెలువడిన అమెరికా అధ్యయనం, ప్రోటోకాల్ వి, చూపు దాదాపు పూర్తిగా ఉండి మాక్యులాలో వాపు ఉన్న 702 మందిని చూసింది. కొందరికి వెంటనే ఇంజెక్షన్లు, కొందరికి లేజర్, కొందరిని ఊరికే గమనించారు. ఈ చివరి రెండు గుంపుల్లో చూపు తగ్గితేనే ఇంజెక్షన్ వేశారు. రెండేళ్ల తర్వాత చూపు కోల్పోయిన వాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

షుగర్ ఉన్నవాళ్లందరికీ ఏటా రెటీనా ఫొటో తీయాలనే దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. జబ్బు సాధారణం, ఫొటోలో కనిపిస్తుంది, వేళకు చేస్తే చికిత్స పనిచేస్తుంది. 2018లో అమెరికాలో అనుమతి పొందిన కృత్రిమ మేధ పరికరం ఐడీఎక్స్-డీఆర్ డాక్టర్ లేకుండానే ఫలితం చెబుతుంది, కానీ ఆ అనుమతి షుగర్ రెటినోపతికే, అంటే షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడానికే, గ్లకోమాకు కాదు. థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో గూగుల్ ఇలాంటి తన సాఫ్ట్‌వేర్‌ను పెట్టి చూసినప్పుడు, సుమారు ఐదింట ఒక ఫొటోను నాణ్యత చాలదని అది తిప్పికొట్టింది. గది చీకటిగా లేకపోవడం ఒక కారణం. నర్సమ్మలు ఎంత కష్టపడి ఉంటారో ఊహించండి.

నల్గొండ మాస్టారు:
అయితే గ్లకోమా వాళ్లను దేవుడికి వదిలేయాలా?

బెజవాడ ఆప్టోమెట్రిస్ట్:
వదిలేయమని ఎవరన్నారు? కంటి వెనక నరం తల చూడటం, కంటి ప్రెషర్ కొలవడం, కంటి లోపలి మూలను లెన్సుతో చూసే గోనియోస్కోపీ, ఈ మూడూ చేయాలి. ప్రెషర్ ఒక్కటే చాలదు, మామూలు ప్రెషర్‌తోనూ జబ్బు వస్తుంది. మన దేశంలో కంటి నీరు బయటికి పోయే మూల మూసుకుపోయే రకం తక్కువేమీ కాదు. నరం ఓసీటీలో ఆ మూల కనిపించనే కనిపించదు, గోనియోస్కోపీలో కనిపిస్తుంది. చాలామందికి లేజర్‌తో దారి చేయవచ్చు.

ఓసీటీ బలం వేరే చోట ఉంది: అదే మనిషి నిరుటి కొలతను ఈ ఏటి కొలతతో పోల్చడం. అక్కడా హద్దు ఉంది. జబ్బు బాగా ముదిరాక పొర 50 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది, అంతకన్నా తగ్గదు, మిగిలేది నరాలు కాని కణజాలం, రక్తనాళాలు. అప్పటి నుంచి ఫీల్డ్ టెస్టే దిక్కు. అసలు ఎవరిని ముందు పిలవాలంటారా? గ్లకోమా ఉన్నవాళ్ల అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, పిల్లలను. వాళ్లకు ముప్పు ఎక్కువ.

నల్గొండ మాస్టారు:
తోబుట్టువుల మాట బాగుంది. మా ఊళ్లో చుక్కలు వేసుకునే ఇళ్లు నాకు తెలుసు, ఈ ఆదివారం నుంచే అడుగుతాను. అయినా కుటుంబంలో ఎవరికీ లేకుండా వచ్చేవాళ్ల సంగతి తేలలేదు. ఓసీటీ కాకపోతే నరం ఫొటో అయినా శిబిరంలో తీయాలంటాను.

రెటీనా డాక్టర్:
ఫొటోకు నేనూ సరే అంటాను, ఒక షరతు మీద. దాన్ని చూసేవాళ్లెవరు, అనుమానం వచ్చిన మనిషికి ఫీల్డ్ టెస్ట్ ఏ ఆస్పత్రిలో, ఎన్ని వారాల్లో జరుగుతుంది అన్నది శిబిరం పెట్టే ముందే రాసి ఉండాలి.